చెయ్యి అడ్డం పెట్టకు

మా పెద్ద మేడం పని చెప్పే ముందు పొగుడుతుంది. ఆ అలవాటు తెలుసు కాబట్టి, ఆమె ఎవరినైనా మెచ్చుకోవడం మొదలుపెట్టగానే మిగతా టీచర్లు తలలు వంచుకుని పిల్లల నోట్సులు దిద్దుతున్నట్టు నటిస్తారు. ఆ రోజు వంతు నాది. "నువ్వు కూసున్న తీరు చూస్తె ముచ్చటైతదమ్మా. వీపు గంత నిటారుగ పెట్టి మన బళ్లె ఇంకెవ్వలు కూసోరు," అన్నది. నా మెడకు ఏదో తగిలించబోతోందని అప్పుడే అర్థమైంది. మా పిల్లలు వచ్చే వారం ఒక ప్రతిభా పరీక్ష రాస్తున్నారు. అందులో నెగ్గితే పై చదువులకు సాయం దొరుకుతుంది. తల్లిదండ్రులను పిలిచి ఆ పరీక్ష గురించి నేను నాలుగు మాటలు చెప్పాలట. విషయం, విద్యార్థులకు పోటీ పరీక్షల వల్ల కలిగే ప్రయోజనాలు.

"సరే మేడం," అన్నాను. కాదంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే నా వీపు ఎందుకంత నిటారుగా ఉంటుందో చెప్పాలి. అది ఒక పోటీ పరీక్ష నాకు ఇచ్చిన ప్రయోజనమే. కానీ టీ తాగుతూ చెప్పే కథ కాదు.

నేను భూపాలపల్లిలో లెక్కల టీచర్ని. పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, పాలకుర్తి దగ్గర ఒక చిన్న ఊళ్లో. మా ఊరి బడి ఏడో తరగతితో అయిపోయేది. మా ఊరి ఆడపిల్లల చదువూ దానితోపాటే అయిపోయేది. పాలకుర్తిలో హైస్కూలు ఉంది, ఆటోలూ ఉన్నాయి. కానీ ఎదిగిన పిల్లను ఒక్కదాన్ని రోజూ ఆటో ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు. నాకంటే ముందు ఏడు చదివిన అక్కలందరూ నడుముకు సంచి కట్టుకుని పత్తి చేన్లలోకి దిగినవాళ్లే. నా సంచి కూడా మా అవ్వ, అంటే మా అమ్మ, ఎప్పుడో కుట్టి దండెం మీద వేసింది. నేను బడికి పోతూ వస్తూ దాన్ని చూడకుండా తల తిప్పుకునేదాన్ని.

అలాంటప్పుడు మా లెక్కల సారు గురుకులం మాట చెప్పాడు. ఎనిమిది నుంచి పది దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి వాళ్లదే, పుస్తకాలు వాళ్లవే. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే చాలు. నేను ఇంటికి పరుగెత్తి బాపుకు చెప్పాను. బాపు అంటే మా నాన్న. ఆయన ఎడ్లకు నీళ్లు పెడుతూ కాసేపు ఆలోచించి, "సీటొస్తె పో బిడ్డా. రాకుంటె మాత్రం నన్ను ఏం అడగకు," అన్నాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద హామీ నాకు ఎప్పుడూ దొరకలేదు. ఇక ఆ సంచా, ఆ సీటా అన్నదే నా బతుకు.

లెక్కల సారు పాలకుర్తి నుంచి బండి మీద వచ్చేవాడు. ఆ ఏడాదే తన కూతుర్ని కూడా టౌన్ బడి మాన్పించి మా బడిలో చేర్చాడు. ఆ పిల్లను వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే ఊళ్లో అరుగుల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడేవారు. "సారంటె గీయన సారు! సొంత బిడ్డను సర్కారు బళ్లెనే ఏసిండు," అని ఒకటే మెచ్చుకోలు. పల్లె సర్కారు బడిలో చదివితేనే ఆ గురుకులానికి అర్హత అన్న సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. సారుకు తెలుసు.

నా తోటి ఏడో తరగతి పిల్లల్లో పరీక్షకు తయారవుతున్నది మేమిద్దరమే. బడి వదిలాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి సారు చెప్పేవాడు. ఆయన ఎంత బాగా చెప్పేవాడో ఈ రోజు కూడా ఒప్పుకుంటాను, ఒళ్లు మండుతూనే ఒప్పుకుంటాను. ప్రశ్నను చివరి మాట దాకా చదవమనేవాడు. సగం చదివి ఉరికేవాళ్లు సగం దారిలోనే పడతారనేవాడు. జవాబు తెలియకపోతే, కానిదేదో ముందు కొట్టేయమనేవాడు. రాని ప్రశ్న దగ్గర పంతానికి పోకుండా దాటిపోయి, చివర్లో మళ్లీ రమ్మనేవాడు. అప్పటిదాకా నాకు చదువంటే అప్పజెప్పడమే. లెక్కను చూసి భయపడకుండా దాని చుట్టూ తిరిగి తలుపు ఎక్కడుందో వెతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నాకో అలవాటు ఉండేది. పలక పట్టిన రోజు నుంచీ ఇరుకు వరసలో కూర్చుని రాసిన పిల్లను. పక్కవాళ్లు తొంగిచూస్తారని ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, వంగి, ముక్కు కాగితానికి ఆనించి రాసేదాన్ని. కోడి పిల్లల్ని రెక్క కింద దాచుకున్నట్టు ఉండేదట నేను రాస్తుంటే. సారుకు అది నచ్చేది కాదు. "చెయ్యి అడ్డం పెట్టకు. ఎడమ చెయ్యి ఒళ్లె పెట్టుకో. కాయితం కుడిపక్కకు జరుపు. వీపు లేపు," అని వెంటపడేవాడు. నేను మర్చిపోయి వంగితే నా నెత్తి మీద డస్టర్ పెట్టేవాడు. వంగానంటే అది కింద పడి సుద్ద పొడి అంతా కాగితం మీద రాలేది. "నిటారుగ కూసుంటె గాలి మంచిగ ఆడుతది, బుర్ర పనిచేస్తది బిడ్డా," అనేవాడు. ఆయన కూతురు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ పిల్ల నెత్తి మీద ఎప్పుడూ డస్టర్ పెట్టలేదు. సొంత కూతురు కదా, గారాబమేమో అనుకున్నాను.

ఆ పిల్లా నేనూ ప్రాణ స్నేహితులం అయిపోయాం. గురుకులంలో ఒకదాని మీద ఒకటి ఉండే ఇనుప మంచాలు ఉంటాయని ఆమే చెప్పింది. పై మంచం నాకు కావాలన్నాను. తనకు ఎత్తంటే భయం, కిందిది తీసుకుంటానన్నది. సారు వింటూ, "మంచాల కాడ కొట్లాడకున్రి. ఇద్దరు కల్సే పోతరు," అనేవాడు. ఆ మాట ఆయన ఒకసారి కాదు, ఏడాదంతా అన్నాడు.

బాపుకు ఒక్కటే బాధ. సారు ఉత్తపుణ్యానికి చెబుతున్నాడు, మనం ఏమీ చేయట్లేదు. మా దిక్కు బదులు పోవడం అని ఒకటి ఉంటుంది. నాట్లు వేసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఈ రోజు మనం వాళ్ల చేనుకు పోతే, రేపు వాళ్లు మన చేనుకు వస్తారు. కూలి ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. బాపు లోకమంతా ఆ లెక్క మీదే నడిచేది. ఒకరి చేత పని చేయించుకుని బదులు పోకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. అందుకని ఒక సాయంత్రం మా చేలో విరిచిన మక్క కంకులు సంచి నిండా మోసుకుని బడికి వచ్చాడు. సారు, "ఇవన్ని ఎందుకే అన్నా," అని నవ్వి, బాపు భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా తీసుకుపోయాడు. మేము పుస్తకాలు సర్దుకుంటున్నాం. వాళ్లిద్దరూ బండి పక్కన నిలబడి కాసేపు మాట్లాడుకున్నారు.

ఇంటికి నడుస్తుంటే బాపు చాలా హుషారుగా ఉన్నాడు. "సారుతోని మాట్లాడిన. ఇగ మనం ఉత్తగ చెప్పించుకుంట లేము. నీకు ఫికర్ వద్దు," అన్నాడు.

"ఏం మాట్లాడినవ్ బాపూ?"

"పెద్దోళ్ల ముచ్చట నీకెందుకు? నువ్వు మంచిగ చదువు."

మక్క కంకుల సంగతే అనుకున్నాను. ఆ తర్వాత కూడా చిక్కుడుకాయలు, పెసర్లు, ఏది కాస్తే అది సారు బండికి వేలాడుతూ పాలకుర్తికి పోయేది.

పరీక్ష జనగామలో. సారు మా ఇద్దరినీ తీసుకుని బస్సెక్కాడు, బాపు కూడా వచ్చాడు. మా దరఖాస్తులు సారే ఒకేసారి పంపాడు కాబట్టి మా నంబర్లు పక్కపక్కవే పడ్డాయి. నేను ముందు బెంచీలో, ఆమె నా వెనక బెంచీలో కొంచెం కుడికి. గది తలుపు దాకా వచ్చిన సారు నా తల నిమిరి, "వీపు యాది పెట్టుకో. చెయ్యి అడ్డం పెట్టకు," అన్నాడు. వేరే ఊరు, వేరే బడి, తెలియని మొహాలు. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. ఎడమ చెయ్యి ఒళ్లో. కాగితం కుడిపక్కకు. నెత్తి మీద డస్టర్ ఉన్నట్టే మెడ కదల్చకుండా సున్నాలన్నీ నల్లగా నింపాను. గడియారం ముళ్ల మధ్య కోణం అడిగిన లెక్క ఒకటి తిప్పలు పెట్టింది. సారు చెప్పినట్టు దాన్ని వదిలేసి పోయి, చివర్లో వచ్చి, తొందరలో ఏదో ఒకటి నింపాను. బయటికి వచ్చాక బాపు మా ఇద్దరికీ మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. ఆ పిల్ల తన బజ్జీలో మిర్చి తీసి నాకిచ్చింది, తనకు కారం పడదని.

ఫలితాలు వచ్చిన రోజు సారు బండి దిగుతూనే నన్ను పిలిచాడు. "ఒక్క మార్కుల పోయింది బిడ్డా," అన్నాడు. ఆయన కూతురికి వచ్చింది. మా మండలానికి ఆడపిల్లల సీటు ఒక్కటేనట. ఆ మాట నేను వినడం అదే మొదలు. ఇద్దరు కల్సే పోతరు అన్న నోటితోనే ఒక్కటే సీటు అంటుంటే, అదేమిటని అడగాలని కూడా తోచలేదు. ఏడుస్తూ ఇంటికి వెళ్తే దండెం మీద సంచి అక్కడే ఉంది.

బాపు సారును ఒక్క మాట అనలేదు. "నసీబు బిడ్డా, ఏం జేస్తం," అన్నాడు. పైగా మరునాడు పెంపుడు కోడిని కాళ్లు కట్టి చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పాలకుర్తికి బయల్దేరాడు. "మనకు రాకున్నా చెప్పిన సారుకు దండం పెట్టాలె గద. ఏడాదంత కష్టపడ్డడు," అన్నాడు.

సారు ఇంట్లో ముందు గదిలో వాళ్లిద్దరూ కూర్చున్నారు. నేను వెనక వాకిట్లోకి వెళ్లాను. నా స్నేహితురాలు గురుకులానికి తీసుకుపోవడానికి కొన్న కొత్త రేకు పెట్టెను తుడుస్తోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చి నా కళ్లు తుడిచింది.

"ఏడ్వకే. ఒక్క మార్కే గద."

"గా ఒక్కటి నీకు ఎట్ల ఎక్కువొచ్చిందే?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"గడియారం లెక్క నువ్వు తప్పు పెట్టినవ్. గది ఒక్కటి నేను సొంతగ చేసిన," అన్నది. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

"మరి కడమయి?"

నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూసింది. "కడమయన్ని నీయి చూసే పెట్టిన గద. నీకు ఎర్క లేదా? డాడీ నీకు ఏడాదంత నేర్పింది గదే గద, చెయ్యి అడ్డం పెట్టకుమని."

నాకు నిజంగానే తెలియదని నా మొహం చూసి గ్రహించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "డాడీకి చెప్పకే," అని బతిమాలింది. దాని మీద నాకు పెద్దగా కోపం రాలేదు. అది కూడా తండ్రి చెప్పిన పాఠమే నేర్చుకుంది. నాకు నెత్తి మీద డస్టర్ గుర్తొచ్చింది. గాలి ఆడుతుంది, బుర్ర పనిచేస్తుంది అన్న మాట గుర్తొచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని మా అవ్వ అంటుండేది. విత్తనం మంచిదే, మొలక కూడా మంచిదే, చేనే నాది కాదని ఆ వాకిట్లో నిలబడితే తెలిసింది.

ముందు గదిలోకి వస్తే బాపు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. "మీ రుణం ఎట్ల తీర్సుకోవాలె సారూ," అంటున్నాడు. సారు లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. "బంగారమసొంటి పిల్ల అన్నా. ఎక్కడున్నా బతుకుతది," అన్నాడు. నేను తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆయన కుర్చీ కింద కోడిని చూశాడు. ఆ చేతిని విసిరికొట్టాలని ఉంది. కొరకాలని ఉంది. బాపు నా వీపు మీద తట్టి, "సారు కాళ్లు మొక్కు," అన్నాడు. మొక్కాను.

తిరుగు ఆటోలో బాపు, అంత పెద్ద మనిషి మన కోడిని వద్దనకుండా తీసుకున్నాడని మురిసిపోయాడు. అప్పుడు చెబుదామనుకున్నాను. చెబితే బాపుకు సీటుతోపాటు సారు కూడా పోతాడు. బాపు దేవుళ్లలో సారు ఒకడు. నా ఒక్కదానికి తెలిస్తే చాలులే అనుకుని మింగేశాను. ఆ మింగింది ఇప్పటిదాకా గొంతులోనే ఉంది.

ఆ ఏడు సంచి నడుముకెక్కింది. పత్తి కాయల మొనలు వేళ్లను చీరితే, పెన్ను పట్టిన చెయ్యి అని కూడా చూడవు. మరుసటి ఏడు ఒక పెళ్లికి వచ్చిన మా చిన్నమ్మ, కేసముద్రంలో ఉండే మా అవ్వ చెల్లెలు, నా చేతులు చూసి గొడవ పెట్టి నన్ను తన వెంట తీసుకుపోయింది. ఆమె ఇల్లు మార్కెట్ యార్డు వెనక. లారీలు, ట్రాక్టర్లు, హమాలీల కేకలు, ఎగిరే పత్తి పింజలు. ఇంటి పని చేసి పెడుతూ అక్కడి హైస్కూల్లో చదివాను. నా వయసు పిల్లలకంటే ఒక తరగతి వెనక కూర్చున్నాను.

ఆ తర్వాత ఎన్ని పోటీ పరీక్షలు రాశానో. సారు నేర్పినవన్నీ ప్రతి పరీక్షలోనూ పనికొచ్చాయి, అదే నా ఏడుపు. ఆయన తప్పు పాఠాలు చెప్పి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. చెయ్యి అడ్డం పెట్టుకుందామని ఎంత ప్రయత్నించినా పెట్టలేకపోయాను. వంగితే మెడ ఒప్పుకోదు. మానుకోటలో ఒక పరీక్షకు కూర్చున్నప్పుడు నా వెనక కుడివైపు ఎవరో పిల్ల ఉంది. నా సీటు మార్చండని ఇన్విజిలేటర్‌తో పెద్ద రాద్ధాంతం చేశాను. ఆయన విసుక్కుంటూ మార్చాడు. పాపం ఆ పిల్ల బిత్తరపోయి తన కాగితానికి తానే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టీచరు ఉద్యోగం వచ్చిన రోజు బాపుకు ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట, "సారుకు చెప్పినవా?" అని. "గా సారు లేకుంటె నువ్వు యాడుందువు బిడ్డా." ఆ మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా ఊఁ కొట్టాను.

పెద్ద మేడం పెట్టిన సమావేశం రోజుకు బాపు భూపాలపల్లిలోనే ఉన్నాడు. మోకాళ్ల నొప్పులకు ఇక్కడి దవాఖానలో చూపిద్దామని నేనే పిలిపించాను. ఒక్కడూ ఇంట్లో ఏం కూర్చుంటాడని సమావేశానికి తీసుకొచ్చాను. బొగ్గుబాయిలో పొద్దు షిఫ్టు దిగి అట్నుంచి అటే వచ్చిన తండ్రులు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, ఓ పక్కన పరీక్ష రాయబోయే పిల్లలు, వెనక వరసలో మా బాపు. నేను మాట్లాడకముందే ఆయన పక్కనున్న అతనికి మా సారు గొప్పతనం చెబుతున్నాడని చేతులు ఊపే తీరులోనే తెలిసింది.

నేను అబద్ధం చెప్పలేదు. పోటీ పరీక్షకు చదివిన పిల్లకు ఆలోచించడం వస్తుందని చెప్పాను. ప్రశ్నను పూర్తిగా చదివే అలవాటు బతుకంతా ఉంటుందని, సీటు రాకపోయినా చదివింది ఎక్కడికీ పోదని చెప్పాను. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక తండ్రి లేచి అడిగాడు.

"అందరు మంచిగ రాస్తె అందరికి వస్తది గద మేడం?"

"రాదన్నా," అన్నాను. "ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదు. ఉన్నయే కొన్ని. ఒకలకు వస్తె ఇంకొకలకు పోయినట్టే. మీ పిల్లది చూసి ఎనకపిల్ల రాస్తె, మీ పిల్ల సీటు మీ పిల్ల చేతులతోనే ఎనకపిల్లకు పోతది."

నేను పిల్లల వైపు తిరిగి, "గందుకే చెప్తున్న. రాసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోన్రి. వంగి రాయున్రి. ఎవలన్న వీపు లేపుమంటె నా పేరు చెప్పున్రి," అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. పెద్ద మేడం మొహం మాడిపోయింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ప్రయోజనాలు చెప్పమంటె పిసినారితనం నేర్పుతవేందమ్మా," అన్నది.

ఇంటికి వచ్చేదాకా బాపు తల వంచుకునే నడిచాడు. మోకాళ్లు నొస్తున్నాయేమో అనుకున్నాను. టీ పెట్టి ఇచ్చాను. తాగకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"గా పరీక్షల నిజంగనె ఒకలకు వస్తె ఒకలకు పోతదా బిడ్డా?"

"పోతది బాపూ."

"మరి సారు బిడ్డ నీది చూసి రాసింది గద. గందుకేనా నీకు రాకపోయింది?"

ఆ మాట ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. అందులో బాపు లేడు. లేడనే ఇన్నేళ్లు అనుకున్నాను.

"నీకెట్ల ఎర్క?"

"సారే అడిగిండు గద. మక్క కంకులు తెచ్చిననాడు, బండి కాడ. అన్నా, నీ బిడ్డ ఎనక నా బిడ్డ కూసుంటది, జర చూసుకొని రాస్తది, నీకేమన్న బాధనా అన్నడు. పిల్లకు చెప్పకు, బుగులుపడ్తది అన్నడు. నాకు మస్తు సంతోషమయ్యింది. గంత సారు నన్ను ఒకటి అడిగిండని. చూస్తె నీ చదువేమన్న తరుగుతదా అనుకున్న. ఇద్దరు కల్సే పోతరన్నడు."

ఆ సాయంత్రం బాపు ఎందుకు అంత హుషారుగా నడిచాడో ఇప్పుడు తెలిసింది. ఆయన మనసు నొచ్చుకుంటుందని ఏ సంగతి నేను ఇన్నేళ్లు మింగి తిరిగానో, అది మొదటి రోజు నుంచీ ఆయన దగ్గరే ఉంది. ఆ పరీక్ష గదిలో నా వెనక ఆ పిల్ల ఎందుకుందో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. బయట గేటు దగ్గర నిలబడ్డ నా కన్నతండ్రికి కూడా తెలుసు. ఆ తర్వాత నా చేతే సారు కాళ్లు మొక్కించాడు. సారు మీద కూడా ఎన్నడూ రానంత కోపం బాపు మీద వచ్చింది నాకు.

"నన్ను అడగకుండ నన్ను బదులుకు పంపినవా బాపూ?" అని అరిచాను. పక్క క్వార్టర్ వాళ్లకు వినపడేంత గట్టిగా అరిచాను.

బాపు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. దాన్ని పక్కకు జరిపి తల ఎత్తాడు.

"బదులంటె మల్ల మన చేనుకు వస్తరనే గద బిడ్డా పోయేది," అన్నాడు. "వాళ్లు రాలే."